జాంబీలు మన్యం ఎక్కితే

రాజవొమ్మంగిలో గట్టి వాన పట్టుకుంటే ముందు కరెంటు పోతుంది, కాసేపటికి ఫోన్లో సిగ్నలు పోతుంది. ఇక మిగిలేవి కబుర్లే. నిరుడు శ్రావణమాసంలో అలాంటి ఒక సాయంత్రం, అడ్డతీగల వైపు వెళ్లే బస్సు కోసం టీకొట్టు రేకుల కింద ఇరుక్కుపోయిన ఐదుగురిలో నేనూ ఉన్నాను. మబ్బు కొండ దిగి వచ్చి రోడ్డును మింగేసింది. "ఇలాంటప్పుడే దెయ్యం సినిమా చూడాలండీ" అన్నారెవరో. అంతే, బస్సు సంగతి అందరం మరిచిపోయాం.

రిటైరైన మాస్టారు ఒకరు నేరుగా 1978కి వెళ్లిపోయారు. విఠలాచార్య తీసిన 'జగన్మోహిని'. కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేసే దెయ్యాన్ని ఆయన ఎంత ఇష్టంగా వర్ణించారంటే, టీ కాస్తున్న ఆవిడ ఓసారి తన పొయ్యి వంక చూసుకుంది. సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయనకు 1992 నాటి రాంగోపాల్ వర్మ 'రాత్రి' తరవాతే ఏదైనా. రేవతి చూపు మారిందంటే ఇప్పటికీ దుప్పటి ముసుగేసుకుంటానన్నాడు. ఆశా కార్యకర్త ఒకావిడ 'అరుంధతి' అని ఊరుకుంది, ఇంకో సినిమా పేరెత్తడమే తప్పన్నట్టు. డిగ్రీ చదివే కుర్రాడు మాత్రం కొరియా దాకా పోయాడు. 2016లో వచ్చిన 'ట్రెయిన్ టు బూసాన్', కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ మూడుసార్లు చూశాట్ట. మనవాళ్లలో ప్రశాంత్ వర్మ 2021లో తీసిన 'జాంబీ రెడ్డి' అంటే ప్రాణం. కర్నూలు సీమ ఫ్యాక్షన్ పల్లెలో జాంబీలను దించిన ఆ ఆలోచన దగ్గరే పడిపోయానన్నాడు.

నేను సైన్సు వ్యాసాలు రాస్తానని తెలిసి ఆ కుర్రాడే అడిగాడు: "సార్, నిజంగా జాంబీలు వస్తే మన రాజవొమ్మంగికి ఎన్నాళ్లకి చేరతాయంటారు?" అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ లెక్క వేసినవాళ్లున్నారు. లెక్క వెనకాల ఉన్న కథ మన ఊళ్ల మీదుగానే నడిచింది. ఈ వ్యాసం ఆ కుర్రాడికి బాకీ పడ్డ జవాబు.

జవాబుకు ముందు ఇంకో ప్రశ్న ఉంది. తెరమీద ఉన్నది రంగు పూసుకున్న నటుడని తెలుసు. తెలిసీ గుండె ఎందుకు కొట్టుకుంటుంది? పైగా డబ్బిచ్చి మరీ ఎందుకు భయపడతాం?

కణతల లోతున, రెండు పక్కలా బాదంగింజంత ముద్ద ఒకటి ఉంటుంది. అమిగ్డలా అంటారు. కంటికో చెవికో ప్రమాదం తగిలిందంటే, అది నిజమా బొమ్మా అని మెదడు పైపొర తీరిగ్గా తేల్చుకునే లోపే అమిగ్డలా గంట కొట్టేస్తుంది. మూత్రపిండాల మీది గ్రంథులు అడ్రినలిన్ వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, అరచేతులు చెమర్చుతాయి, ప్రతి వెంట్రుక మొదట్లో ఉన్న చిన్న కండరం బిగుసుకుని వెంట్రుక నిక్కబొడుచుకుంటుంది. పిల్లి ఒళ్లు పొంగించి కుక్క ముందు పెద్దదిగా కనబడే ఉపాయం అదే. మనకు బొచ్చు పోయింది, కండరం మిగిలింది. అందుకే మనకు దక్కింది గగుర్పాటు మాత్రమే.

అమెరికాలో ఒకామెకు అరుదైన జన్యువ్యాధి వల్ల రెండు వైపులా అమిగ్డలా పాడైపోయింది. పరిశోధకులు ఆమెను ఎస్‌.ఎం. అనే పొడి అక్షరాలతోనే పిలుస్తారు. ఆమెకు దెయ్యాల సినిమాలు చూపించారు, పాములు పట్టించారు, పాడుబడిన ఆసుపత్రిలో పెట్టిన దెయ్యాల కొంపకు తీసుకెళ్లారు. ఎక్కడా బెదరలేదు. భూతం వేషం వేసుకుని మీదికొచ్చిన మనిషి తలను కుతూహలంగా వేలితో పొడిచి చూసిందట. 2011లో ఆ సంగతులు అచ్చయ్యాయి. రెండేళ్ల తరవాత అదే ఆమె చేత కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలి పీల్పించారు. ఊపిరాడక ఆమె భయంతో వణికిపోయింది. అంటే భయానికి ఒకటే తలుపు లేదు. బయటినుంచి వచ్చే భయానికి అమిగ్డలా కావాలి, ఒంట్లోంచి పుట్టే భయానికి దాని అవసరమే లేదు. ఊపిరి తిరగని జ్వరం రోగిని చూసినవాళ్లకు ఈ రెండో భయం తెలిసే ఉంటుంది.

భయంతో నెత్తురు గడ్డకట్టింది అంటుంటాం. నెదర్లాండ్స్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం వైద్యులు ఆ మాటనే పరీక్షకు పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న 24 మందికి ఒకసారి 'ఇన్‌సిడియస్' అనే దెయ్యం సినిమా, ఇంకోసారి ద్రాక్షసారాయి మీద తీసిన చప్పటి డాక్యుమెంటరీ చూపించి, ముందూ వెనకా నెత్తురు తీశారు. దెయ్యం సినిమా తరవాత సగానికి పైగా జనంలో గడ్డకట్టడానికి పనికొచ్చే ఎనిమిదో ఫ్యాక్టర్ పెరిగింది. డాక్యుమెంటరీ తరవాత పెరిగినవాళ్లు ముగ్గురే. నిజంగా గడ్డ కట్టలేదు, గాయమైతే ఆపడానికి ఒళ్లు సిద్ధపడింది, అంతే. 2015లో ఇది చదివినప్పుడు, ఆ నుడికారం తొలిసారి పలికినవాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

కన్ను మూసుకుంటే దెయ్యం పోతుంది, చెవి మూసుకున్నా పూర్తిగా పోదు. డేనియల్ బ్లమ్‌స్టీన్ అనే జీవశాస్త్రవేత్త కొండ ఉడుతల జాతికి చెందిన మార్మోట్ పిల్లలను పట్టుకున్నప్పుడు అవి పెట్టే కేక విని ఉలిక్కిపడేవాడు. ఆ కేకలో స్వరం చీలిపోయి గరగరలాడుతుంది. అదే గరగర సినిమాల్లో ఉందా అని 102 సినిమాల శబ్దాలు పరిశీలించాడు. భయపెట్టే సినిమాల్లో అది దండిగా దొరికింది. 2015లో మరో బృందం మనిషి కేకను కొలిచింది. గొంతు సెకనుకు 30 నుంచి 150 సార్లు ఎగిసిపడుతూ గరుకెక్కితే అమిగ్డలా ఉలిక్కిపడుతుందని తేలింది. మామూలు మాటలో ఆ గరుకు ఉండదు. 'అరుంధతి'లో పశుపతిగా కనబడింది సోనూ సూద్. కానీ ఊళ్లో పిల్లలు రాత్రి బయటికి రానిది పి. రవిశంకర్ ఇచ్చిన ఆ గొంతుకు జడిసి. ఆ పాత్ర తరవాత ఆయన పేరుకు ముందు బొమ్మాళి ఊరికే చేరలేదు. అడవిలో కణుజు హఠాత్తుగా అరిస్తే పశువులు కాసేవాడు ఎందుకు ఆగి చూస్తాడో, హాల్లో మనం కుర్చీ పట్టుకునేదీ అందుకే.

ఇక ఇష్టం సంగతి. డెన్మార్క్‌లోని ఆర్హూస్ విశ్వవిద్యాలయంలో సరదా భయం మీదనే పనిచేసే పరిశోధనశాల ఉంది. వాళ్లు దెయ్యాల కొంపకు వచ్చిన 110 మందికి గుండె వేగం కొలిచే యంత్రాలు కట్టి పంపారు. భయం తక్కువైనవాళ్లకు విసుగు, మరీ ఎక్కువైనవాళ్లకు బాధ. మధ్యలో ఉన్నవాళ్లకే ఆనందం. కూరలో కారం లాంటి లెక్క. ఆ మధ్యగీత ఎక్కడుంటుందో మనిషికీ మనిషికీ తేడా. 2020లో అచ్చయిన ఈ ఫలితం చూశాక, 'రాత్రి' ఇష్టపడే ఆయన ముసుగెందుకు వేసుకుంటాడో నాకు అర్థమైంది. కారం ఎక్కువైనప్పుడు పెరుగు కలుపుకోవడం లాంటిదది. సినిమా మానడు, మోతాదు సర్దుకుంటాడు. పక్కన మనిషి ఉండటం కూడా అలాంటి పెరుగే.

ఇప్పుడు జాంబీ. మన దెయ్యానికి పేరుంటుంది, ఊరుంటుంది, తీరని పగో కోరికో ఉంటుంది. అది ఎవరినో వెతుక్కుంటూ వస్తుంది, మిగతావాళ్లు తప్పుకుంటే సరిపోతుంది. జాంబీకి పేరు లేదు, పగ లేదు, గుంపు ఉంది. మొదట్లో గుంపు కూడా లేదు. కరీబియన్ దేశం హైతీలో చెరకు తోటల్లో బానిసలుగా చచ్చిపోయిన ఆఫ్రికన్ల భయం అది. చావుతోనైనా ఈ చాకిరీ వదులుతుందనుకుంటే, మంత్రగాడు శవాన్ని లేపి మళ్లీ తోటలోకే తోలుతాడేమోనన్న భయం. చచ్చినా వెట్టి తప్పదేమోనన్న భయం అన్నమాట. ఈ మాట మన్యంలో నిలబడి రాస్తున్నప్పుడు చెయ్యి ఆగింది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసిన రోడ్డు పనిలో గిరిజనులను వెట్టికి తోలినందుకు రగిలిన కోపమే అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. 1922 ఆగస్టు 24న ఆ దండు వచ్చి తుపాకులు పట్టుకుపోయింది ఈ రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ నుంచే. హైతీవాళ్ల కథ ఇక్కడివాళ్లకు వివరించి చెప్పక్కర్లేదు.

ఆ ఒంటరి బానిసను గుంపుగా, అంటువ్యాధిగా మార్చింది 1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'. తమాషా ఏమిటంటే ఆ సినిమాలో జాంబీ అన్న మాటే వినబడదు. కరిస్తే అంటుకునే చావు అన్న సూత్రం మాత్రం అప్పటినుంచి స్థిరపడింది. అంటుకునేది ఏదైనా సరే, దానికి లెక్క ఉంటుంది.

ఆ లెక్క మొదలైన చోట్లలో మన సికింద్రాబాద్ ఒకటి. 1897 ఆగస్టు 20న అక్కడ రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపు కోసి సూక్ష్మదర్శినిలో చూసి, పరాన్నజీవి ఎదుగుదలను పట్టుకున్నాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. అందరికీ తెలిసిన కథ ఇక్కడితో ఆగిపోతుంది, నాకు ఇష్టమైనది ఆ తరవాతే. రాస్ సూక్ష్మదర్శిని పక్కన పెట్టి సమీకరణాలు పట్టుకున్నాడు. ఒక ఊళ్లో దోమలన్నిటినీ చంపక్కర్లేదు, వాటి సంఖ్యను ఒక హద్దు కిందికి దించితే చాలు, జ్వరం తనంతట తనే ఆరిపోతుందని లెక్క కట్టి చూపించాడు. ఆయన ప్రభావంతో గణితంలోకి దిగిన మెకెండ్రిక్ అనే ఆయన, కెర్మాక్ అనే సహచరుడితో కలిసి 1927లో ఒక పత్రం రాశాడు. జనాన్ని మూడు కుప్పలు చెయ్యండి: ఇంకా సోకనివాళ్లు, సోకినవాళ్లు, కోలుకున్నవాళ్లో పోయినవాళ్లో. ఒక కుప్పలోంచి ఇంకో కుప్పలోకి రోజూ ఎందరు జారుతున్నారో చూడండి. వాళ్లు తమ లెక్కను సరిచూసుకున్నది 1905-06లో బొంబాయిని ఊడ్చిన ప్లేగు చావులతో.

ఆ మూడు కుప్పల లెక్కలోకే 2009లో కెనడాలోని ఒట్టావాలో రాబర్ట్ స్మిత్ అనే గణితవేత్త, ఆయన విద్యార్థులు జాంబీలను దింపారు. మూడో కుప్పలోని శవాలు మళ్లీ లేచి రెండో కుప్పలోకి వచ్చేస్తాయి, చిక్కంతా అక్కడే. వెంటనే, గట్టిగా ఎదుర్కోకపోతే మనుషులకు నూకలు చెల్లినట్టేనని తేలింది. 2015లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో అలెక్స్ అలెమీ, అతని మిత్రులు ఇంకో మెట్టెక్కి అమెరికా జనాభా పటం మీదే జాంబీలను వదిలారు. జాంబీ బస్సెక్కదు, విమానమెక్కదు, నడిచి పక్కింటికి పోయి కరుస్తుంది, అంతే. న్యూయార్క్ లాంటి నగరాలు రోజుల్లో కూలిపోయాయి. అక్కడి రాకీ పర్వతాల ఉత్తర భాగంలో, మనిషికీ మనిషికీ మధ్య మైళ్ల దూరం ఉన్న చోట మాత్రం నెలలు గడిచినా జాంబీ కాలు పెట్టలేదు.

తమ్ముడూ, నీ జవాబు ఇదే. జాంబీ వేగం దాని కాళ్లలో లేదు, మన ఇరుకులో ఉంది. కాకినాడలో సందు సందుకూ మనిషి దొరుకుతాడు. ఏలేశ్వరం దాటి ఘాట్ మొదలయ్యాక జాంబీకి ఆకలే. ఊరికీ ఊరికీ నడుమ అడవి, వాగు, జీడిమామిడి తోటలు. రాజవొమ్మంగి బజారు సంతరోజున దొరికిపోవచ్చు. పైన కొండమీద పది గడపల ఊళ్లు చివరిదాకా మిగులుతాయి. ఇది ఊహ కూడా కాదు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఏజెన్సీలో చాలా పల్లెలు ఎవరూ చెప్పకముందే దారికి అడ్డంగా దుంగలు పడేసి పొలిమేర మూసేశాయి. 2023లో వచ్చిన 'విరూపాక్ష'లో పూజారి ఊరిని అష్టదిగ్బంధనం చేయిస్తాడు. ఆ సన్నివేశం చూస్తూ నేను దుంగలనే తలుచుకున్నాను. రాకపోకలు ఆపితే కుప్పల మధ్య జారుడు ఆగుతుంది. ఆ సంగతి పొలిమేరలో దేవతను నిలిపిన పెద్దలకు సమీకరణం లేకుండానే తెలుసు.

అయితే దూరం అందరినీ ఆపలేదు. దోమను ఆపలేదు. తూర్పు కనుమల్లో మలేరియా మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్, మెల్లగా పారే తేటనీటి సెలయేళ్ల అంచుల్లో గుడ్లు పెడుతుంది. మనం ఫోటోలు తీసుకునే వాగులే దాని పురిటిల్లు. దానికి ఇరుకు బజారు అక్కర్లేదు. నిజమైన జాంబీ కథ కూడా ఇక్కడే ఉంది. పరాన్నజీవి ఇంకో జీవిని తన పనికి వాడుకోవడం ప్రకృతిలో ఉంది. చీమలో దూరే ఓఫియోకార్డిసెప్స్ అనే బూజు, దాని మెదడు జోలికి పోకుండా కండరాలను ఆక్రమించి, ఆకు ఈనెను కరిపించి అక్కడే చంపి, దాని తలలోంచి మొలకెత్తుతుంది. మలేరియా క్రిమి అంత నాటకమాడదు. కెన్యాలో పిల్లల మీద జరిపిన పరిశోధనలో, 2018లో, ఒక సంగతి బయటపడింది. ఈ క్రిమి ఉన్న పిల్లల ఒంటి వాసనలో కొన్ని ఆల్డిహైడ్లు పెరుగుతాయి, ఆ వాసనకు దోమలు ఎక్కువగా వస్తాయి. పిల్లవాడు మంచంలో కదలకుండా పడి ఉంటాడు, వాడి చర్మం దోమను పిలుస్తూ ఉంటుంది. ఏ జాంబీ సినిమాలోనూ నేను ఇంత భయంకరమైన ఆలోచన చూడలేదు.

మలేరియా అనే ఇటాలియన్ మాటకు అర్థం చెడ్డగాలి. మనవాళ్లు గాలి సోకింది అంటారు. రెండు దేశాలవాళ్లూ ఒకే జ్వరాన్ని చూసి ఒకే మాట అనుకున్నారు. ఫాల్సిపారం రకం మలేరియా మెదడుకెక్కితే రోగి సంధిమాటలు మాట్లాడతాడు, మూర్ఛలు వస్తాయి, కన్నబిడ్డను గుర్తుపట్టడు. ఆ గుడిసెలో ఉన్నవాళ్లకు అది వేరే ఎవరో లోపలికి దూరినట్టే ఉంటుంది. ఆసుపత్రి డోలీ మోతంత దూరంలో ఉన్నప్పుడు, కారణం మాత్రం పక్కింట్లోనే దొరుకుతుంది. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న మాట ఎవరి నోటినుంచో వస్తుంది. ఒంటరి ముసలమ్మో, మందులు తెలిసిన ముసలాయనో ఆ మాటకు బలవుతారు. జాంబీని రానీయని దూరమే అంబులెన్సునూ రానీయదు. కొండల దూరాన్ని మెచ్చుకుంటూ పైన రాసినదాన్ని ఇక్కడికొచ్చి సగం వెనక్కి తీసుకుంటున్నాను.

చేతబడి సినిమాలంటే నాకు ఇష్టమే. కానీ 'విరూపాక్ష' మొదట్లో 1979 నాటి ఊరు ఒక జంటను చేతబడి చేశారని తగలబెట్టే దృశ్యం దగ్గర నా మధ్యగీత దాటిపోయింది. తెరమీది భయం తియ్యగా ఉండేది అది బొమ్మేనని మెదడు పైపొర వెనకనుంచి చెబుతూ ఉంటుంది కాబట్టి. ఆ దృశ్యం దగ్గర ఆ పైపొర నాకేం చెప్పలేకపోయింది. పక్కనే ఉన్న ఒడిశా, మంత్రగత్తెల పేరుతో జరిగే హింసను ఆపడానికి 2013లో ప్రత్యేక చట్టం చేసుకోవలసి వచ్చింది మరి.

టీకొట్టు దగ్గర కుర్రాడు ఇంకోటి అడిగాడు, ఈ సినిమాలు చూస్తే లాభమేమైనా ఉందా అని. కోల్టన్ స్క్రివ్‌నర్ అనే పరిశోధకుడు, మిత్రులతో కలిసి, కరోనా మొదటి నెలల్లో 310 మందిని ప్రశ్నించాడు. భయపెట్టే సినిమాల అభిమానులు ఆ రోజుల్లో మానసికంగా కాస్త తక్కువ నలిగారు. జాంబీలు, ప్రళయాల సినిమాలు చూసేవాళ్లు ముందుజాగ్రత్తలోనూ కొంత మెరుగ్గా ఉన్నారు. 310 మంది చిన్న సంఖ్యే, పైగా వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న మాటలు. అయినా నాకు నమ్మబుద్ధి అవుతోంది. భయాన్ని కావాలని పిలిచి, రెండున్నర గంటలు ఎదురుగా కూర్చోబెట్టుకుని, పంపించేసినవాడికి దాని రాకపోకలు తెలుస్తాయి.

వాన తెరిపిచ్చేసరికి ఏడు దాటింది. ఆశా కార్యకర్త సంచీ సర్దుకుంటోంది. పైన ఒక ఊళ్లో పిల్లవాడికి మూడు రోజులుగా చలిజ్వరమని కబురొచ్చిందట, తెల్లారగట్ల వెళ్లాలి. సంచీలోంచి మలేరియా పరీక్ష కిట్టు తీసి చూపించింది. వేలి చివర గుచ్చి ఒక చుక్క నెత్తురు వేసి, మందు ద్రావకం పోసి, పదిహేను ఇరవై నిమిషాలు ఆగాలి. ఒక గీత పడితే మామూలు జ్వరం కావచ్చు, దాని పక్కన ఇంకో గీత తేలితే మలేరియా.

"సినిమాలో అయితే ఎప్పుడు వస్తుందో పాటను బట్టి తెలిసిపోతుందండీ" అంది. "ఇక్కడ చప్పుడేం ఉండదు. తల్లి నా మొహం చూస్తుంటుంది, నేను గీత చూస్తుంటాను."

కుర్రాడు చాలాసేపు ఆ కిట్టునే తిప్పి తిప్పి చూశాడు. తరవాత, పొద్దున్న ఎన్నింటికి బయల్దేరతావక్కా, తోడొస్తానన్నాడు.